మట్టిగోడ చాటు ఫిరంగులు

"సారు పోయినాడప్పా," అన్నారు సుబేదారు ఫోనులో. కర్నూలు ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నారు. వెనక ఎవరో లిఫ్టు తలుపు వేయమని అరుస్తున్నారు. నేను ఫ్యాక్టరీ గదిలో కూర్చుని ఆ రోజు పోయిన లోడ్లు రాసుకుంటున్నాను. కలం మూత పెట్టేశాను. ఆయన ఇంకో మాట అన్నారు. "నువ్వు ముందు సారింటికి పో. వచ్చేవాళ్లు పోయేవాళ్లు శానామంది ఉంటారు. ఆ గదికి బీగం వెయ్యి. బల్ల మీద ఒక్క గింజ కదలకూడదు."

కన్ను మూసిన మనిషి గురించి మాట్లాడుతూ బల్ల మీద గింజల ఊసేమిటని మీకు అనిపించవచ్చు. జమ్మలమడుగులో సారు దగ్గర సోషల్ చదువుకున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. వాళ్లకు బెత్తం పట్టని సారు తెలుసు, పటం చూడకుండా బోర్డు మీద పెన్నానదిని ఒక్క గీతలో గీసే సారు తెలుసు. రిటైరైన తరువాత సారు తన ఇంటి వెనక గదిలో ఏం చేసేవారో తెలిసినవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందిలో నేనొకణ్ని. అందుకే రాస్తున్నాను.

ఆ గదిలో ఒక పెద్ద బల్ల ఉంది. ఎప్పుడో బడిలో తీసి పారేసిన రెండు రెక్కల తలుపును సారు తెచ్చుకుని, బండల మీద పరిచి, చుట్టూ అంచు కొట్టించుకున్నారు. దాని నిండా ఎర్రమన్ను, ఇసుక. మధ్యలో పెన్న లాగా వంకరగా పరిచిన నీలం గుడ్డ. దాని మీద సారు యుద్ధాలు ఆడేవారు. పాళెగాళ్ల కాలం నాటి యుద్ధాలు. చింతపిక్కలు కాల్బలం. ఒక పక్షం పిక్కలకు సున్నం పూత, రెండో పక్షానివి ఉన్నవి ఉన్నట్టే. గుర్రపుదళానికి కానుగ గింజలు. అయిపోయిన పెన్ను రీఫిళ్ల ఇత్తడి మొనలకు చొక్కా గుండీలు చక్రాలుగా అతికిస్తే అవి ఫిరంగులు. దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి గవ్వలు; ఎన్ని తెరుచుకుని పడితే అన్ని దెబ్బలు. ఒక్కో వంతును గడియ అనేవారు. గడియ గడిచినప్పుడల్లా బల్ల అంచున ఒక గురిగింజను తూర్పు నుంచి పడమరకు జరిపేవారు. అది చివరికి చేరితే పొద్దు గుంకినట్టు. అంతటితో ఆట ఆగాలి.

ఇది పిల్లలాట అని నవ్వినవాళ్లున్నారు. సారు పట్టించుకోలేదు. పాత కాగితాల అంగడిలో అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికిందట. ఇతర దేశాల్లో పెద్దవాళ్లు పాత యుద్ధాలను ఇలా బల్లల మీద మళ్లీ నడిపి చూస్తారని అందులో ఉందట. తరువాత బస్టాండు దగ్గర నెట్ సెంటరు పెట్టినప్పుడు, పరీక్ష ఫలితాల కోసం వచ్చే కుర్రాళ్ల మధ్య సారు కూడా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మైదానంలో మట్టిగోడలు ఎలా లేపేవారు, వాటి వెనక ఫిరంగులు ఎలా నిలిపేవారు అని వెతికి, కాగితాలు ప్రింటు తీయించుకుని చంకలో పెట్టుకుని వచ్చేవారు.

నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో రోజువారీ లెక్కలు రాస్తాను. సారు మొదటిసారి మా ఫ్యాక్టరీకి వచ్చింది విరిగిన కడప బండ ముక్కల కోసం. గోరంత ముక్కలు ఏరుకుంటుంటే ఎందుకని అడిగాను. "కోట కడతాండాం అప్పా. ఆదివారం రా, చూపిస్తా," అన్నారు.

పోయాను. నేను వెళ్లేసరికి సారు, ఇంకొక పెద్దమనిషి బల్లకు చెరో పక్క నిలబడి అరుచుకుంటున్నారు. ఆ రెండో ఆయనే సుబేదారు. రాయచోటి దిక్కు మనిషి. ఫిరంగి దళంలో పనిచేసి వచ్చి, కూతురు ఊరని జమ్మలమడుగులో స్థిరపడ్డారు. మోకాలు అరిగింది, చెవి సగం పోయింది, అందుకని మామూలు మాట కూడా కేకే.

"అందదు సారూ! మీ ఫిరంగి గుండు ఆడికి అందదు!"

"అందుతాది. నీ కండ్లు చూసుకో."

"కండ్లు కాదు, మీ దారం సాగదీసినారు మీరు!"

గుండు ఎంత దూరం పోతుందో కొలిచే ఆ దారం తీసుకుని, సాగకుండా పరిచి కొలిచాను. "అందదు సార్," అన్నాను. సారు నా వైపు చూసి, "నువ్వేం పని చేస్తాండావు ఫ్యాక్టరీలో?" అన్నారు. లెక్కలని చెప్పాను. "ఇంకపైన ఈడ గూడా నువ్వే. లెక్కలప్పా, కుర్చీ తెచ్చుకో," అన్నారు. అప్పటి నుంచి నేను ఆ బల్ల దగ్గర తీర్పరిని. ఆ ఇంట్లో నా పేరు లెక్కలప్ప.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ని. ఎందుకు ఆపావని సారు ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఇంగ్లీషు కాగితాలు నా ముందు పెట్టేవారు. తెలియని మాట వస్తే నేను ఆగేవాణ్ని. సారు అర్థం చెప్పకుండా డిక్షనరీ నా వైపు జరిపేవారు. అంతే. ఇవాళ నేను ఇంగ్లీషు పత్రిక చదువుతున్నానంటే అలా జరిపిన డిక్షనరీ వల్లే. నేను తక్కువ మాట్లాడతానని ఇంట్లో వాళ్లకు ఫిర్యాదు. సారుకు మాత్రం అదే నచ్చింది. "తీర్పు చెప్పేవానికి నోరు చిన్నదిగా, దారం పెద్దదిగా ఉండల్ల," అనేవారు.

మొదట్లో మేమందరం కలిసి చేసిన తప్పు ఒకటుంది. మా ప్రాంతం వాళ్లే చేయగల తప్పు. ఫిరంగులకు రక్షణగా బండ ముక్కలు నిలిపాం. మాకు గోడంటే బండ, కప్పంటే బండ, చేనికి కంచె బండ, వాకిట్లో కూర్చునే అరుగు బండ. ఎవరైనా ఇంకేం పెడతారు? కొన్నాళ్లకు సారు ఒక కాగితం పట్టుకొచ్చి, ఫిరంగి ముందు రాయి ఉండకూడదని, గుండు తగిలితే రాయి చెక్కలై ఎగిరి తనవాళ్లనే చంపుతుందని చదివి వినిపించారు. నేను నమ్మలేదు. సుబేదారు చొక్కా చేయి పైకి మడిచారు. మోచేతి కింద తెల్లటి మచ్చలు చాలా ఉన్నాయి. "ఇది శత్రువు గుండు కాదప్పా. మా బండలే," అన్నారు.

ఆ రోజు నుంచి మా ఆటలో నియమం మారింది. రాతి చాటున ఉన్న ఫిరంగికి దెబ్బ తగిలితే రెండింతలు. మట్టి చాటున ఉంటే సగం. సారు బండ ముక్కలన్నీ తీసి వాకిట్లో కనకాంబరాల పాదుకు పరిచేశారు. ఈత ఆకు చీల్చి వేలెడు గంపలు అల్లి, వాటిలో మన్ను నింపి వరసగా నిలిపారు. "ఇంగ్లీషోళ్లేదో పెద్ద పేరు పెట్టినారు గాని, ఇది మన గంపే అప్పా. మన్ను మోసే గంప," అని నవ్వారు. తరువాత అన్న మాట నాకు అలాగే గుర్తుంది. "రాయి ఎదురు తిరుగుతాది. మన్ను మింగుతాది. దెబ్బ తినేవాడు మన్ను మాదిరి ఉండల్ల."

సారుకు, సుబేదారుకు మధ్య అసలు పోట్లాట ఒక్కటే. ఏండ్ల తరబడి అదే. మట్టిగోడ చాటున ఫిరంగిని పాతితే దానికి రక్షణ ఉంటుంది, కాని అది కదలదు. గోడలో వదిలిన సందు ఎటు ఉంటే అటే కాల్చగలదు. ఆ సందుకు రెండు పక్కలా చీపురుపుల్లలు పెట్టేవాళ్లం. పుల్లల మధ్య కనిపించిందే దాని లోకం. వెనక్కి లాగాలంటే ఎద్దులు రావాలి, ఒక గడియ పూర్తిగా పోతుంది.

"గుంతలో పెట్టిన ఫిరంగి సగం చచ్చినట్టే సారూ," అనేవారు సుబేదారు. "నేను మైదానంలో ఉంటా, నా ఇష్టం వచ్చిన దిక్కు తిప్పుకుంటా."

"కొంచెం మందితో రేవు కాపాడాలంటే పాతకుండా ఎట్లప్పా? నీకేం, నీది పెద్ద సైన్యం."

ఇదీ సారు పెట్టుకున్న పందెం. పెన్న రేవు దగ్గర చిన్న పాళెగాడు కొద్దిమందితో, నాలుగు ఫిరంగులతో నిలబడాలి. అవతలి గట్టు నుంచి పెద్ద సైన్యం వస్తుంది. పొద్దు గుంకేదాకా దాని కాల్బలాన్ని రేవు గట్టు మీది గోడ దాటనివ్వకుండా ఆపితే పాళెగాడు గెలిచినట్టు. సారు ఎప్పుడూ పాళెగాడే. ఎప్పుడూ ఓడేవారు. ఓడిన తరువాత చనిపోయిన పిక్కలను ఒక్కొక్కటే హార్లిక్సు సీసాలో వేసేవారు, చప్పుడు కాకుండా, వంగి, అడుగుకు చేర్చి. "ఈ పూటకింతే," అని లేచి చేతులు కడుక్కునేవారు. మళ్లీ ఆదివారానికి గోడ కొత్తగా లేచి ఉండేది.

ఒకసారి ముగ్గురం గండికోట పోయాం. అందరూ లోయ అంచున నిలబడి కింద పెన్నను చూస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు. సారు లోయకు వీపు పెట్టి కోటగోడనే చూస్తున్నారు. బురుజు నుంచి బురుజుకు నడుస్తున్నారు. సుబేదారు మోకాలు పట్టుకుని మెట్ల మీద కూలబడి, "ఏం పోగొట్టుకున్నారు సారూ ఆడ?" అని కేకేశారు. సారు బదులివ్వకుండా నన్ను పిలిచి ఒక బురుజు పక్క సందులో తల పెట్టి చూడమన్నారు. చూశాను. ఎదురుగా మైదానం కనబడుతుందనుకున్నాను. కనబడింది పక్కనున్న గోడ అడుగు.

"ఫిరంగి యాడుండాదని చూడాకు, యాటికి చూస్తాండాదో అది చూడు," అన్నారు సారు. "గోడను కాపాడేది ఆ గోడ మీది ఫిరంగి కాదప్పా. పక్క బురుజు మీది ఫిరంగి."

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. సుబేదారు మాత్రం, "సారుకు ఎండ తగిలింది," అని ఊరు వచ్చేదాకా అంటూనే ఉన్నారు.

ఆ ఆలోచనను బల్ల మీదికి తెచ్చేలోపే జబ్బు బయటపడింది. కిడ్నీలు. వారం వారం కర్నూలు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. సారు ఎత్తు మనిషి, చూస్తుండగా చొక్కాలు వదులైపోయాయి. నీళ్లు కొలిచి తాగాలి. వేళ్లు వణకడం మొదలైంది, గంపలో మన్ను నింపితే సగం బయట పడేది. కర్నూలు నుంచి వచ్చిన మరుసటి రోజు పడుకునే ఉండేవారు. ఆదివారం మాత్రం లేచి గోడ పట్టుకుని వెనక గదికి వచ్చేవారు.

ఒక ఆదివారం మేము చెప్పులు వేసుకుంటుంటే అమ్మ, అంటే సారు భార్య, వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుతా, కాదనాకు," అంది సుబేదారుతో.

"అడుగమ్మా."

"ఈ తూరి ఓడిపో."

సుబేదారు సరిగ్గా వినబడలేదేమోనన్నట్టు చెవి ముందుకు పెట్టారు. అమ్మ మళ్లీ అంది. "డాక్టరు ఏమన్నాడో నీకూ తెలుసు గదా. ఆయనకు ఇంక మిగిలిండే ఆశ అదొక్కటే. ఒక్కసారి గెల్చినానని అనుకోనీ."

"సారుకు తెలిసిపోతాదమ్మా."

"పటాలంలో అన్నేండ్లు పెద్ద ఆఫీసర్ల ముందర నటించలేదా నువ్వు? అట్లే ఇదీ."

సుబేదారు నవ్వబోయి నవ్వలేకపోయారు. నా వైపు చూశారు. నేను తల వంచుకుని చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. ఆ ఇంటి మనిషి కష్టం ముందు తీర్పు చెప్పడానికి నేనెవణ్ని?

మరుసటి ఆదివారం సుబేదారు తన కాల్బలాన్ని తిన్నగా ఫిరంగుల మూతి ముందుకే నడిపించారు. ఫిరంగులతో గోడలో మందంగా ఉన్నచోటే కొట్టారు. గుర్రాలు ఏటి అవతల నిలబడే ఉన్నాయి. గురిగింజ కొంచెం జరిగిందో లేదో, సారు చేతిలో గవ్వలు కింద పెట్టేశారు.

"ఏమప్పా సుబేదారూ, నీ గుర్రాలకు జ్వరమా?"

"లేదు సారూ. నీళ్లు తాగుతాండాయి."

"ఎండాకాలం పెన్నలో నీళ్లు యాడుండాయప్పా?"

అప్పుడే అమ్మ టీ గ్లాసులతో గడప దగ్గరికి వచ్చింది. సారు ఆమెను చూశారు, సుబేదారును చూశారు, నన్ను చూశారు. ఆయనకు తెలిసిపోయింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

సారు కోప్పడలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, అరచేత్తో గోడనంతా చదును చేసేశారు. గంపలు దొర్లాయి. "నాకు గెలవాలని ఉండాది," అన్నారు. "శానా ఉండాది. దాచిపెట్టను. కాని ఇట్ల దానం తీసుకుంటే, ఇన్నేండ్లు నేను ఓడిండేది గూడా అబద్ధమైపోతాది గదా." అమ్మ చేతిలో గ్లాసులు అందుకుని బల్ల అంచున పెట్టి, ఆమె కోసం ఒక ముక్కాలిపీట జరిపారు. "ఇన్నేండ్లు టీ ఇచ్చినావు. ఈ తూరి కూర్చోని చూడు. నా వేళ్లు పట్టు తప్పుతాండాయి, గవ్వలు నువ్వెయ్యి."

అమ్మ కూర్చుంది. గవ్వలాటలో ఆమె చిన్నప్పుడు ఊరందరినీ ఓడించిందని అప్పుడే తెలిసింది మాకు. "చెప్పలేదే మరి?" అన్నారు సారు. "అడిగినారా?" అంది అమ్మ. సుబేదారు గదంతా దద్దరిల్లేలా నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

ఆ తరువాత సారు కట్టిన గోడే ఆయన చివరి గోడ. కర్నూలుకూ మంచానికీ మధ్య మిగిలిన పొద్దులన్నీ దానికే పోశారు. ఈత ఆకు ఆయన చీలిస్తే అమ్మ అల్లింది. ఏటి గట్టున పొడుగ్గా గోడ, దాని ముందు కందకం. గోడకు రెండు చివర్లా, కొంచెం ముందుకు పొడుచుకొచ్చి రెండు దిబ్బలు. మధ్యలో, వెనక, ఇంకా కొన్ని దిబ్బలు. ఏ దిబ్బలో ఫిరంగి ఉంది, ఏది ఉత్తది అన్నది కాల్చేదాకా ఎదుటివాడికి చెప్పనక్కర్లేదు, తీర్పరికి చెబితే చాలు. సారు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పారు. గోడ మధ్యలో ఒక్క ఫిరంగీ లేదు. నాలుగూ రెండు చివరి దిబ్బల్లోనే. మూతులు ఏటివైపు కాదు. ఒక దిబ్బ రెండో దిబ్బను చూస్తోంది. తమ గోడ ముందరి కందకం పొడుగునా కాల్చేలా అడ్డంగా తిప్పి పాతారు. ఏటివైపున వాటికి మందంగా మట్టి.

విన్నాక నాకు గండికోట బస్సు గుర్తొచ్చింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. అది నాకు అలవాటైన పనే.

సుబేదారు ఈసారి నటించలేదు. ఫిరంగులను మైదానంలో బారులు తీర్చి, గోడ మధ్యభాగాన్ని గడియ వెంట గడియ కొట్టారు. మట్టి మింగుతూనే ఉంది. అటునుంచి ఒక్క గుండూ రాలేదు.

"ఫిరంగులు యాడుండాయి సారూ? కుదువ పెట్టినారా?"

"వచ్చి చూసుకో."

కాల్బలం ఏరు దాటింది. అమ్మ గవ్వలు గుప్పిట్లో పట్టుకుని సారు మొహం చూస్తోంది. "ఇప్పుడా?" అంది. సారు తల అడ్డంగా ఊపారు. పిక్కలు గట్టెక్కాయి. "ఇప్పుడా?" "ఊహూ." మొదటి వరస కందకంలోకి దిగింది. సారు నా వైపు చూశారు. నేను రెండు చివరి దిబ్బల మీది మట్టి మూతలు తీశాను. ఎదురెదురుగా చూస్తున్న నాలుగు ఇత్తడి మొనలు. వాటి మధ్య పొడుగునా, దాచుకోవడానికి ఏమీ లేకుండా, సుబేదారు మనుషులు.

అమ్మ గవ్వలు వేసింది; కందకంలో దిగిన వరస తుడిచిపెట్టుకుపోయింది. సుబేదారు వెనక్కి కుర్చీలో కూలబడి, నెత్తి మీద చేతులు పెట్టుకుని, "యా అల్లా, నన్ను గోతిలోకి పిలిచి కొట్టినారు గదా!" అన్నారు. ఆ మాటలో బాధ లేదు. ఫిరంగులతో బతికిన మనిషికి ఫిరంగిని సరిగ్గా పెట్టినవాణ్ని చూసిన సంతోషం అది.

కాని ఆయనా ఊరికే సుబేదారు కాలేదు. లేచి బల్ల చుట్టూ కుంటుకుంటూ తిరిగారు. ఎడమ దిబ్బ వెనక నిలబడి వంగి చూశారు. "ఇవి లోపలికే చూస్తాండాయి," అన్నారు నెమ్మదిగా. "వీపు బోడిగా ఉండాది." గుర్రాలను ఏటి ఎగువకు పంపి, చుట్టుదారిన ఆ వీపు మీదికి తిప్పారు. ఇప్పుడు సారుకు రెండే దారులు. ఎద్దులను పంపి ఎడమ ఫిరంగులను బయటికి లాగించి దక్కించుకోవడం, లేదా వాటిని అక్కడే ఉంచి, వెనక దాచుకున్న కొద్దిమందిని గుర్రాలకు అడ్డం పెట్టడం. సారు చాలాసేపు చూశారు. కండ్లు మూతలు పడుతున్నాయి. అమ్మ ఆయన భుజం పట్టుకుంది. ఆట అక్కడే ఆగింది.

ఆ వారం కర్నూలు పోయేటప్పుడు కారు దాకా నేను, సుబేదారు చెరో చేయి పట్టుకున్నాం. సీట్లో కూర్చున్నాక సారు నన్ను వంగమన్నారు. ఊపిరి కోసం ఆగుతూ చెప్పారు. "ఎద్దులను పంపాకు. ఫిరంగులు యాడుండాయో ఆడనే ఉండనీ. తీసేస్తే కందకం ఖాళీ అవుతాది. జనాన్ని గుర్రాలకు ఎదురు పంపు." కాసేపాగి, "నేను రాకపోతే ఆపాకండి. ఆయప్ప జాలి చూపిస్తే నువ్వు ఒప్పుకోవాకు," అన్నారు.

ముందు సీట్లో కూర్చున్న సుబేదారు సగం చెవితోనే విన్నారేమో, వెనక్కి తిరగలేదు.

సారును ఇంటికి తెచ్చిన రోజు వాకిలి నిండా జనం. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు తెల్లజుట్టు వచ్చినవాళ్లు కూడా వచ్చి బోరుమన్నారు. వెనక గదికి నేను బీగం వేసి ఇచ్చిన తాళంచెవిని అమ్మ కొంగుకు ముడివేసుకుంది. పెళ్లికీ చావుకీ మాత్రమే వచ్చే చుట్టాలెవరో ఆ గదిలో చాపలు పరుచుకుంటామంటే, "ఆ గది ఖాళీ లేదు," అని ఒక్క మాటతో పంపేసింది.

దినాలు అయిపోయిన తరువాతి ఆదివారం అమ్మే కబురు పెట్టింది. నేను వెళ్లేసరికి సుబేదారు వాకిట్లో నిలబడి ఉన్నారు. చెప్పులు ఇంకా విడవలేదు.

"రా అన్నా," అంది అమ్మ. "ఆ పొద్దు నేనడిగింది మర్చిపో. ఇప్పుడు తగ్గినావో, నీకు ఈ ఇంట్లో టీ లేదు."

సుబేదారు కండువాతో మొహం తుడుచుకుని లోపలికొచ్చారు. అమ్మ సారు కుర్చీలోనే కూర్చుంది. ముక్కాలిపీట మీంచి గవ్వలు సరిగ్గా పడవంది. నేను సారు చెప్పిన మాట ఇద్దరికీ చెప్పాను. ఎద్దులను కదిలించలేదు. వెనకనున్న కొద్దిమందిని గుర్రాలకు ఎదురు నిలిపాను.

సుబేదారు తగ్గలేదు. గుర్రాలు పూర్తి వేగంతో వచ్చి పడ్డాయి. అమ్మ వేసిన గవ్వలు బోర్లా పడ్డాయి, ఒక్కటి తప్ప. మనవాళ్లు విరిగిపోయారు. కాని ఒక గడియ మింగారు. మరుసటి గడియకు ఎడమ దిబ్బ పోయింది. రెండు ఫిరంగులు సుబేదారు చేతికి వచ్చాయి. అవి తన మనుషులు దిగే కందకంలోకే చూస్తున్నాయి గనక ఆయనకూ వాటిని కాల్చే దారి లేదు, తిప్పాలంటే ఒక గడియ పోతుంది. అదే సమయానికి ఆయన కాల్బలం మిగిలినదంతా కూడగట్టుకుని ఏరు దాటింది. గురిగింజ అంచుకు ఒక్క జరుగుడు దూరంలో ఉంది.

కుడి దిబ్బలో రెండు ఫిరంగులు మిగిలాయి. కందకం నిండా సున్నం పిక్కలు. సుబేదారు నోరు బిగించి, ఒక వరస వెనక ఇంకో వరస నెడుతున్నారు. ముందు వరస గోడ ఎక్కిందో లేదో కొలవమన్నారు. కొలిచాను. దారం సాగలేదని చూసుకుని ఇంకోసారి కొలిచాను.

"ఎక్కలేదు," అన్నాను. "గోడ మొదట్లో, కందకంలోనే ఉన్నారు."

"అయితే వెయ్యమ్మా," అన్నారు సుబేదారు.

అమ్మ గవ్వలను రెండు చేతుల మధ్య చాలాసేపు ఆడించింది. వేసింది. చాలినన్ని తెరుచుకుని పడ్డాయి. ఒక్కటి కూడా ఎక్కువ కాదు. ముందు వరస మొత్తం నేనే తీసి, సారు తీసినట్టే చప్పుడు కాకుండా సీసాలో వేశాను. వెనక వరస కందకం అవతల ఆగిపోయింది. గురిగింజను అంచుకు జరిపాను.

పొద్దు గుంకింది. గోడ నిలిచింది.

"ఇంకొక్క గడియ పొద్దుండింటే తీసుకునేవాణ్ని," అన్నారు సుబేదారు.

"లేదు గదన్నా," అంది అమ్మ.

"లేదు."

అమ్మ టీ పెట్టడానికి లేచింది. బల్ల ఎత్తేద్దామా అని నేను సీసా మూత చేతిలో పట్టుకుని అడిగాను. సుబేదారు వద్దన్నట్టు చేయి ఊపారు. నొప్పి కాలు ఒక పక్కకు పెట్టుకుని, బల్ల మీదికి వంగి, మిగిలిన తన మనుషులను ఒక్కొక్కరినే వేలితో వెనక్కి నడిపించసాగారు. కందకం అంచు నుంచి గట్టు దిగి, నీలం గుడ్డ మీదుగా, అవతలి ఇసుకలోకి. ఒక్కో పిక్క వెనక ఇసుకలో సన్నటి చాలు పడుతోంది. ఎవరినీ ఎత్తి పెట్టలేదు. చివరిది ఏరు దాటేదాకా నిలబడే ఉన్నారు.

రేవు ఖాళీ అయింది. ఇవతల, కుడి దిబ్బలో రెండు ఇత్తడి మొనలు ఎవరూ లేని కందకం పొడుగునా చూస్తూనే ఉన్నాయి.